ఆ ఇద్దరికీ అడ్డేమిటి? యంగ్ అడల్ట్, న్యూ అడల్ట్ ప్రేమ నవలలు ఎంచుకోవడం గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగిన అమ్మాయికి 21 ఏళ్లు. రెండేళ్లుగా యంగ్ అడల్ట్ (టీనేజ్ వాళ్ల కోసం రాసేవి, వైఏ అని కూడా అంటారు), న్యూ అడల్ట్ (టీనేజ్ దాటినవాళ్లవి) రొమాన్స్ నవలలే చదువుతోంది. ఈమధ్య అన్నీ ఒకేలా అనిపించి చాలావాటిని సగంలో వదిలేస్తోంది. ఈ రెండు రకాలకీ అసలు తేడా ఏమిటి, మంచి పుస్తకాన్ని ముందే ఎలా పట్టుకోవాలి, పెత్తనం చేసే హీరో నచ్చడం తప్పా, 14 ఏళ్ల చెల్లెలు తన పుస్తకాలు అడుగుతోంది, ఇవ్వొచ్చా అని అడిగింది.

అన్నీ ఒకేలా అనిపించడంలో మీ తప్పేమీ లేదండీ. ఈ నవలల్ని ఇప్పుడు అమ్మే పద్ధతే అలా ఉంది. పుస్తకం గురించి మన చెవిన పడే మొదటి మాటే "ఇది ఫేక్ డేటింగ్ (ఉత్తుత్తి ప్రేమ నటించడం)", "ఇది ఎనిమీస్ టు లవర్స్ (పడనివాళ్లు ప్రేమలో పడటం)", "హీరో ముక్కోపి, హీరోయిన్ ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది", "గదిలో ఒకటే మంచం ఉంటుంది" అని. కథల్లో మళ్లీ మళ్లీ వాడే ఇలాంటి అచ్చుల్నే ట్రోప్‌లు అంటారు. ట్రోప్ చూసి పుస్తకం తీసుకుంటే చదువుతున్నంతసేపూ మన కళ్లు దాన్నే వెతుకుతాయి. అది దొరకగానే ఇక చూడాల్సింది ఏమీ లేనట్టు అనిపిస్తుంది. అలాంటివి వరసగా పది చదివాక పదకొండోది తెరవకముందే అలసట వచ్చేస్తుంది.

నేను చాలాకాలంగా లైబ్రరీలో యువ పాఠకుల విభాగం చూస్తున్నాను. ఈ నవలల్ని ఇష్టపడి చదువుతాను. ఎవరి చేతికి ఏ పుస్తకం ఇవ్వాలన్నది రోజూ ఆలోచించాల్సిన పని నాది. ఇన్నేళ్లలో నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒక్కటే: ఈ ఇద్దరూ ఇప్పుడే, ఈ పేజీలోనే ఎందుకు కలిసిపోకూడదు? అంటే వాళ్లకి అడ్డుగా ఉన్నదేమిటి? మీరు అడిగిన నాలుగింటికీ జవాబు దీనిచుట్టూనే తిరుగుతుంది.

ఎందుకంటే చివరికి వాళ్లు కలుస్తారని మనకి ముందే తెలుసు. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ఈ రకం నవలకి పెట్టుకున్న నిర్వచనంలోనే రెండు షరతులున్నాయి. కథకి కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చేలా, ఆశ నింపేలా ఉండాలి. ముగింపు తెలిసిన కథని కూడా నిద్ర మానుకుని చదివించేది ఆ అడ్డు ఒక్కటే. అది బలంగా, ఆ ఇద్దరి స్వభావంలోంచే పుట్టినదై ఉంటే ఎంత అరిగిపోయిన ట్రోప్ అయినా కొత్తగా ఉంటుంది. అది బయటినుంచి తెచ్చి పెట్టిందైతే, ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థమైతే, ఎంత అందమైన వాక్యాలు రాసినా యాభయ్యో పేజీకి విసుగు మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. జెన్నీ హాన్ 2014లో రాసిన 'టు ఆల్ ది బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' మీరు చదివే ఉంటారు. పైకి అది అచ్చంగా ఫేక్ డేటింగ్. లారా జీన్ తను ఇష్టపడిన అయిదుగురు అబ్బాయిలకి అయిదు ఉత్తరాలు రాసి, పోస్ట్ చేయకుండా దాచుకుంటుంది. అవి ఎలాగో వాళ్లకి చేరిపోతాయి. ఆ చిక్కులోంచి బయటపడటానికి వాళ్లలో ఒకడైన పీటర్‌తో ప్రేమ నటిస్తుంది. కానీ ఆ అమ్మాయికి అడ్డు ఆ నాటకం కాదు. ఆ ఉత్తరాలు ఎందుకు రాసిందో చూడండి. ప్రేమని చెప్పడానికి కాదు, వదిలించుకోవడానికి. మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టేసి మూత వేస్తే ఇక అది బాధించదని ఆమె లెక్క. తల్లి చనిపోయింది, ఇంటిని నడిపించిన అక్క చదువుకోసం స్కాట్లండ్ వెళ్లిపోయింది. దగ్గరైనవాళ్లు దూరమవుతారన్నది ఆ ఇంట్లో రుజువైన విషయం. అలాంటి అమ్మాయికి ఊహలో ప్రేమించడం తేలిక, ఎదురుగా ఉన్న మనిషిని ప్రేమించడం కష్టం. నటన అనే ఏర్పాటు ఆమె భయానికి సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే అందులో పోగొట్టుకునేది ఏమీ లేదనిపిస్తుంది. ఇక్కడ ట్రోప్ ఆ పాత్ర లోపలినుంచి వచ్చింది. అదే ట్రోప్‌తో వచ్చిన మిగతావాటిలో చాలామటుకు "మాజీ ప్రియుడికి అసూయ పుట్టించాలి" అన్నదే కారణం. అసూయ పుట్టిస్తే పని అయిపోయినట్టే, ఆ తర్వాత మూడొందల పేజీలకి ఊపిరి ఉండదు.

అందుకని ఒక పని చేసి చూడండి. మీకు బాగా నచ్చిన మూడు పుస్తకాలు, మధ్యలో వదిలేసిన మూడు పుస్తకాలు తీసుకోండి. ప్రతిదానికీ ట్రోప్ పేరు వాడకుండా, ఆ ఇద్దరి మధ్య అడ్డు ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. నచ్చినవాటికి ఆ వాక్యం సులువుగా వస్తుంది. వదిలేసినవాటిలో ఒకటి రెండింటికైనా రాయడానికి ఏమీ దొరకదు. మీకు ఏ రకం అడ్డు ఇష్టమో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇంటి బాధ్యతల వల్ల ప్రేమని పక్కన పెట్టేవాళ్ల కథలా, ఒకసారి దెబ్బతిని మనిషిని నమ్మలేనివాళ్ల కథలా, లేక ఇద్దరి ఆశయాలూ రెండు దిక్కులకి లాగే కథలా? నాకు మటుకు మూడోది ప్రాణం. ఎవరూ చెడ్డవాళ్లు కాకపోయినా కలవడం కష్టమయ్యే కథ రాయడానికి చాలా చెయ్యి తిరగాలి.

ఇక తేడా సంగతి. "వైఏలో పడకగది తలుపు మూసి ఉంటుంది, న్యూ అడల్ట్‌లో తెరిచి ఉంటుంది" అని చాలామంది ఒక్కముక్కలో తేల్చేస్తారు. అది పూర్తిగా నిజం కాదు. జూడీ బ్లూమ్ 'ఫరెవర్' 1975లోనే వచ్చింది. హైస్కూల్ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయి, అబ్బాయి, వాళ్ల మొదటి శారీరక సంబంధం, గర్భం రాకుండా ఆ అమ్మాయి తీసుకునే జాగ్రత్తలు, అన్నీ దాపరికం లేకుండా ఉంటాయి. దాన్ని స్కూలు లైబ్రరీల్లోంచి తీసేయాలని అమెరికాలో దశాబ్దాలపాటు గొడవలు జరిగాయి. అయినా అది టీనేజ్ నవలే. ఎందుకంటే అది అడిగే ప్రశ్న టీనేజ్ ప్రశ్న: మొదటిసారి ఒకరు నన్ను ఇంత దగ్గరగా చూశారు, ఇప్పుడు నేనెవరు? పేరు 'ఎప్పటికీ' అయినా ఆ ఇద్దరూ చివర్లో విడిపోతారు. అమ్మాయి బాధపడుతుంది, ముందుకి నడుస్తుంది. వైఏలో ప్రేమ జీవితాంతం నిలబడక్కర్లేదు, అమ్మాయి నిలబడితే చాలు.

న్యూ అడల్ట్ అనే పేరు 2009లో వాడుకలోకి వచ్చింది. సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ, టీనేజ్ దాటిన పాత్రలతో, వైఏ లాంటి చదివించే గుణంతో, పెద్దవాళ్ల పుస్తకంగా అమ్మగలిగే రాతప్రతులు కావాలని పిలుపిచ్చినప్పుడు ఈ మాట బయటికొచ్చింది. మొదట్లో పుస్తకాల షాపులకి వీటిని ఏ అరలో పెట్టాలో తెలియలేదు. టీనేజ్ అరలో పెడితే తల్లిదండ్రులకి ఇబ్బంది, పెద్దల అరలో పెడితే చదివేవాళ్ల కంట పడదు. 2011, 2012 ప్రాంతంలో రచయిత్రులు సొంతంగా ఈబుక్‌లుగా వేసుకున్నాకే ఇవి ఊపందుకున్నాయి. ఈబుక్‌కి అర గొడవ లేదు కదా. అలా సొంతంగా వేసుకున్నవాటిలో కొన్నింటిని తర్వాత పెద్ద సంస్థలే తీసుకుని అచ్చు వేశాయి.

దీనికి కాస్త ముందే, 2000లో, జెఫ్రీ ఆర్నెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 18 నుంచి 25 ఏళ్ల మధ్య కాలాన్ని విడిగా చూడాలని ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. ఆ వయసువాళ్లు టీనేజర్లు కారు, పూర్తిగా పెద్దవాళ్లూ కారు. ఇల్లు, చదువు, ఉద్యోగం, తోడు, ఏదీ కుదురుకోని కాలమది. న్యూ అడల్ట్ నవలల్లో మంచివి చదివితే ఆయన చెప్పింది కథగా కనిపిస్తుంది. ఇప్పుడు నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు, అద్దె నేనే కట్టుకోవాలి, తప్పు చేస్తే సర్దిపెట్టే అమ్మానాన్నలు పక్కన లేరు. ఇలాంటప్పుడు ఇంకో మనిషితో కలిసి ఎలా బతకాలి? న్యూ అడల్ట్ అడిగే ప్రశ్న ఇదే. వైఏలో అడ్డు చాలాసార్లు బయట ఉంటుంది: స్కూలు, ఇల్లు, స్నేహితుల గుంపు, ఊరు మారడం. న్యూ అడల్ట్‌లో ఆ గోడలు పడిపోతాయి కాబట్టి అడ్డు మనిషి లోపలికి చేరుతుంది.

టమారా వెబర్ 2012లో సొంతంగా ప్రచురించుకున్న 'ఈజీ' చూడండి. జాక్లిన్ సంగీతం చదవాల్సిన అమ్మాయి. ప్రియుడి వెంట వేరే యూనివర్సిటీలో చేరుతుంది, అక్కడికి వచ్చాక అతను వదిలేస్తాడు. ఒక పార్టీ తర్వాత తెలిసిన కుర్రాడే ఆమె మీద దాడి చేస్తాడు, ఇంకొకతను వచ్చి ఆపుతాడు. ఆదుకున్నవాడితో ప్రేమ మొదలవుతుంది. ఇక్కడిదాకా చెబితే పాత కథే. కానీ పుస్తకం అతని భుజాల దగ్గర ఆగిపోదు. ఆ అమ్మాయి ఆత్మరక్షణ క్లాసులో చేరుతుంది. జరిగింది బయటికి చెప్పాలా వద్దా అని నలుగుతుంది, చెబితే ఎవరు నమ్ముతారని భయపడుతుంది. ఇంకొకరి కోసం ఎంచుకున్న చదువులో తను ఏం చేస్తోందో ఆలోచిస్తుంది. కాపాడినవాడి మీద ప్రేమ, తనని తాను కాపాడుకోవడం, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. 18 దాటిన పాత్ర, కాలేజీ హాస్టల్, ముద్దు సీన్లు ఉన్నంత మాత్రాన న్యూ అడల్ట్ అయిపోదనడానికి ఇలాంటివే సాక్ష్యం.

లేబుల్ తప్పే సందర్భాలూ ఉన్నాయి. రెయిన్‌బో రోవెల్ 2013లో రాసిన 'ఫాన్‌గర్ల్'లో కథంతా కాలేజీ మొదటి సంవత్సరంలో జరుగుతుంది, కానీ అమ్మేది వైఏగానే. హీరోయిన్ క్యాథ్‌కి అడ్డు ప్రియుడు దొరక్కపోవడం కాదు. కవల సోదరి వేరే గదికి మారిపోయింది, కొత్తవాళ్లతో భోజనశాలలోకి వెళ్లడానికే భయం. ఇంటిని వదిలి తనేమిటో తెలుసుకోవడం గురించిన పుస్తకం అది. కాబట్టి అట్ట మీద ఏ పేరున్నా ఫర్వాలేదు, ప్రశ్న ఏదో చూసుకోండి. మీ వయసు 21 అయినా మీకు ఈ ఏడాది కావాల్సింది వైఏ అడిగే ప్రశ్నే కావచ్చు. "ఇంకా టీనేజ్ పుస్తకాలేనా" అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు.

అట్ట గురించి ఒక హెచ్చరిక. ముద్దొచ్చే రంగుల్లో, బొమ్మలు గీసిన అట్టలు ఇప్పుడు వైఏకీ, పూర్తిగా పెద్దవాళ్ల రొమాన్స్‌కీ ఒకేలా వేస్తున్నారు. బొమ్మ అట్ట చూసి లోపల అంతా అమాయకంగా ఉంటుందనుకుంటే పొరపాటే. మీకిది చిన్న ఇబ్బందే, మీ చెల్లి విషయంలో మాత్రం పెద్దది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇక కొనేముందు పట్టుకోవడం ఎలా? ఈబుక్ స్టోర్లలో పుస్తకం మొదటి భాగం ఉచితంగా చదవనిస్తారు. అందులో ఇద్దరూ మొదటిసారి కలిసే సీన్ చాలాసార్లు దొరుకుతుంది. ఆ సీన్‌లో అబ్బాయి ఎలా ఉన్నాడో కాదు, అమ్మాయి ఆ నిమిషంలో ఏం పనిలో ఉందో చూడండి. ఆమెకి వేరే పని, వేరే ఆలోచన, వేరే తొందర ఉండి అతను దానికి అడ్డొస్తే, ఆ అమ్మాయికి సొంత జీవితం ఉందన్నమాట. అతను కనబడేదాకా ఖాళీగా నిలబడి ఉంటే, అతను లేని పేజీలన్నీ కూడా ఖాళీగానే ఉంటాయి. ఇది నేను దాదాపు ప్రతి పుస్తకానికీ చేసే పరీక్ష, తప్పడం చాలా అరుదు.

రెండోది గొంతు. ఈ నవలల్లో ఎక్కువ భాగం "నేను" అంటూ, అది కూడా వర్తమాన కాలంలో, నడుస్తాయి. న్యూ అడల్ట్‌లోనైతే ఒక చాప్టర్ ఆమెది, ఒక చాప్టర్ అతనిది, డ్యూయల్ పీఓవీ. దీనివల్ల ఇద్దరి మనసూ మనకి తెలిసిపోతుంది. "అతను ప్రేమిస్తున్నాడా లేదా" అన్న ఉత్కంఠ పోతుంది. దాని స్థానంలో "ఇంత ప్రేమ ఉండీ ఎందుకు చెప్పడు" అన్నది రావాలి. అంటే మళ్లీ అడ్డు దగ్గరికే వచ్చాం. అడ్డు బలహీనంగా ఉన్న పుస్తకంలో రెండో గొంతు రాగానే కథ కూలిపోతుంది, ఎందుకంటే దాచడానికి ఏమీ మిగలదు. చాప్టర్ పైన ఉన్న పేరు చేత్తో మూసి ఒక పేజీ చదవండి. మాట్లాడేది ఎవరో పోల్చుకోలేకపోతే రచయిత ఇద్దరికీ ఒకే గొంతు ఇచ్చారని అర్థం. మీకు అన్నీ ఒకేలా అనిపించడానికి ఇదీ ఒక కారణమే అయ్యుంటుంది.

మూడోది, పుస్తకం ముప్పావు వంతు దాటాక వచ్చే విడిపోవడం. పాఠకులు థర్డ్ యాక్ట్ బ్రేకప్ అని తిట్టుకునేది దీన్నే. నాకు దానిమీద కోపం లేదు, దానికి కారణమైనదాన్ని మాత్రం జాగ్రత్తగా చూస్తాను. అతను ఎవరో అమ్మాయిని కౌగిలించుకోవడం చూసి, అడగకుండా ఏడుస్తూ పారిపోయి, తర్వాత ఆ అమ్మాయి అతని చెల్లెలని తెలిసిందంటే అది కాలక్షేపం. అదే, ఆమెకి దూరంగా వచ్చిన మంచి అవకాశాన్ని అతనికి చెప్పకుండానే ఆమె వదులుకుంది, నెల తర్వాత అతనికి తెలిసింది అనుకోండి. అప్పుడు గొడవకి అర్థం ఉంది. అతను "నా కోసం వదులుకోమని నేనడిగానా" అంటే న్యాయమే, ఆమె "వదిలి వెళ్తే నువ్వు ఆగుతావా" అంటే అదీ న్యాయమే. మొదటి పేజీనుంచి ఉన్న భయం ఇక్కడ పగిలింది. మంచి నవలలో ఆ విడిపోవడం మొదటి యాభై పేజీల్లోనే విత్తనంగా ఉంటుంది, వెనక్కి తిప్పి చూస్తే దొరుకుతుంది.

పెత్తనం చేసే హీరో గురించి మీరు కాస్త బెరుకుగా అడిగారు. బెరుకు అక్కర్లేదు. చాలామందికి ఈ సందేహం ఉంది, అడగరంతే. ఒక సీన్ అనుకుందాం. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, మాట వరసకి నేను అల్లినది. పార్టీలో ఆమె క్లాస్‌మేట్‌తో మాట్లాడుతోంది. హీరో వచ్చి నడుం మీద చెయ్యి వేసి, "పద వెళ్దాం" అంటూ కుర్చీ మీదున్న ఆమె బ్యాగ్ తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. ఒక పుస్తకంలో తర్వాతి వాక్యం అతని పెర్ఫ్యూమ్ గురించి, ఆమె గుండె వేగం గురించి ఉంటుంది. క్లాస్‌మేట్ మాయమైపోతాడు, బ్యాగ్ ప్రస్తావన మళ్లీ రాదు. ఇంకో పుస్తకంలో ఆమె గుండె అలాగే కొట్టుకుంటుంది. ఆకర్షణ ఉంది, లేదని అబద్ధం చెప్పరు. కానీ ఆమె చెయ్యి చాచి "నా బ్యాగ్ ఇలా ఇవ్వు. మాట్లాడటం అయ్యాక వస్తాను" అంటుంది. అతను ఇస్తాడు, ముఖం ఎర్రబడుతుంది, బయట కారు దగ్గర నిలబడతాడు. మూడు చాప్టర్ల తర్వాత అతను కోపంగా గదిలోకి వచ్చినప్పుడు ఆమె తెలియకుండానే బ్యాగ్‌ని ఒళ్లోకి లాక్కుంటుంది, అతను అది గమనిస్తాడు. ఇద్దరిలోనూ ఎవరూ ఏమీ అనరు.

రెండు పుస్తకాల్లోనూ చేసిన పని ఒకటే. రెండోది ఆ పనిని గుర్తుపెట్టుకుంది. హీరో మంచివాడా కాదా అని అడగడంకంటే, అతను ఏం చేస్తున్నాడో పుస్తకానికి తెలుసా అని అడగండి. తెలిసిన పుస్తకంలో ఎంత చీకటి మనిషి ఉన్నా చదవొచ్చు. తెలియని పుస్తకం, ఫోన్ లాక్కోవడాన్నీ, ఎక్కడున్నావో క్షణక్షణం అడగడాన్నీ, స్నేహితుల్ని దూరం చేయడాన్నీ ప్రేమ లోతుకి కొలతగా చూపిస్తుంది.

అయినా నచ్చుతోంది అంటారా? నచ్చడం తప్పు కాదు. నవలలో ఆ ఉద్వేగం హాయిగా ఉండటానికి గట్టి కారణం ఉంది. అతని చాప్టర్ కూడా మనం చదువుతున్నాం. ఆ కోపం వెనక ఏముందో, అతను ఆమెని ఎన్నటికీ గాయపరచడన్న సంగతి, మనకి లోపలినుంచి తెలుసు. పైగా నచ్చకపోతే పుస్తకం మూసేయొచ్చు. బయట మనకి ఎదుటివాళ్ల చాప్టర్ చదివే వీలు లేదు. వాళ్లు చేసే పనే మనకి కనిపిస్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకున్న పాఠకురాలు ఏదైనా చదవొచ్చని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి తోడు అమ్మకం చేసే గందరగోళం ఒకటుంది. కొలీన్ హూవర్ 2016లో రాసిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' చాలామంది చేతికి తియ్యటి ప్రేమకథలా చేరింది. నిజానికి అది కొట్టే భర్తతో ఉన్న ఒక స్త్రీ, తన తల్లి గడిపిన జీవితాన్నే తనూ గడపాలా అని తేల్చుకునే కథ. మొదటి సగంలో అతను మనకి కూడా నచ్చేలా రాయడం కావాలని చేసిన పని. ఎందుకు వదిలి రాలేరో పాఠకులకి లోపలినుంచి తెలియాలి కాబట్టి. రొమాన్స్ అనుకుని తెరిచినవాళ్లలో కొందరు దెబ్బతిన్నారు, ఆ కథ సొంత ఇంట్లో చూసినవాళ్లు మరీను. అందుకే మొదటి పేజీల్లో రచయిత పెట్టే హెచ్చరిక వదలకుండా చదవండి. స్టోరీగ్రాఫ్ అనే పుస్తకాల యాప్‌లో చాలా పుస్తకాలకి పాఠకులు గుర్తించిన కంటెంట్ వార్నింగ్‌లు (ఇబ్బంది పెట్టే విషయాల గురించి హెచ్చరికలు) ఉంటాయి. అవి చూస్తే కథ ముందే తెలిసిపోతుందని కొందరు మానేస్తారు. నేను మానను. డార్క్ రొమాన్స్ (హింస, బలవంతం లాంటివి ఉండే ప్రేమకథ) అని రాసి ఉంటే అది పూర్తిగా వేరే రకం. న్యూ అడల్ట్ అనుకుని పొరపాటున అందులోకి అడుగు పెట్టకండి.

సగంలో వదిలేయడం గురించి బాధపడొద్దు. మూడు నాలుగు చాప్టర్లయ్యాక కూడా అడ్డు ఏమిటో మీకు తెలియలేదంటే వదిలేయండి. సిరీస్‌ల దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. నెలవారీ చందాతో ఈబుక్‌లు చదివే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జులై నుంచి రచయితలకి డబ్బు చదివిన పేజీల లెక్కన వస్తోంది. ఒక పుస్తకంలో చెప్పాల్సింది మూడు పుస్తకాలకి సాగడానికి అదొక్కటే కారణమని అనను కానీ, ప్రతి చాప్టర్ చివరా ఎవరో తలుపు కొట్టడం చూస్తే నాకు ఆ లెక్కే గుర్తొస్తుంది. ఒకే స్నేహితుల గుంపులో ఒక్కో పుస్తకంలో ఒక్కో జంట కథ పూర్తయ్యే సిరీస్‌లు చాలా నయం. నచ్చినచోట ఆగిపోవచ్చు. ఇంకోటి, వరసగా ప్రేమ నవలలే చదవకండి. రెండింటి మధ్య ఒక మిస్టరీయో, ఒక ఆత్మకథో పెట్టుకోండి. మళ్లీ వచ్చేసరికి మొదటి చూపుల సీన్ కూడా తాజాగా ఉంటుంది.

మీ చెల్లి సంగతి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో యువ పాఠకుల కోసం ఉన్న విభాగం 12 నుంచి 18 దాకా వయసువాళ్లని ఉద్దేశించింది. అంటే వైఏ అన్న ఒక్క పేరు కింద ఆరో ఏడో తరగతి పిల్లలూ ఉన్నారు, కాలేజీలో చేరబోయేవాళ్లూ ఉన్నారు. అందుకే ప్రచురణకర్తలు చాలా పుస్తకాలకి 12 ఆపైన, 14 ఆపైన అని వయసు సూచన ఇస్తారు. అట్ట బొమ్మని కాదు, ఆ సూచనని చూడండి. కామన్ సెన్స్ మీడియా సైట్‌లో పుస్తకాల్లో ఏముందో తల్లిదండ్రుల కోసం వివరంగా రాస్తారు, అదీ చూడొచ్చు. న్యూ అడల్ట్ పుస్తకాలు ఇప్పుడే ఇవ్వొద్దు. పడకగది సీన్ల వల్ల మాత్రమే కాదు. అద్దె, ఉద్యోగం, ఒంటరి గది, వీటిలోంచి పుట్టే అడ్డు 14 ఏళ్లకి పట్టదు, కాబట్టి ఆ పుస్తకంలో ఆమెకి మిగిలేది ఆ సీన్లే అవుతాయి.

లారా జీన్ కథ ఇవ్వండి. ఆలిస్ ఓస్‌మన్ 'హార్ట్‌స్టాపర్' బొమ్మల నవల కూడా ఇవ్వొచ్చు. మొదటి భాగాల్లో ఇద్దరు స్కూలు కుర్రాళ్ల స్నేహం మెల్లగా ప్రేమగా మారడాన్ని ఎంతో సున్నితంగా గీశారు. నాలుగో భాగానికి వచ్చేసరికి అందులో ఒకరు తిండికి సంబంధించిన మానసిక రుగ్మతతో చికిత్సకి వెళ్తారు. అది రాసిన తీరు చాలా బాగుంటుంది, కానీ మొదటి భాగం చూసి సిరీస్ మొత్తానికీ సరే అనేయకూడదని చెప్పడానికే ఈ మాట. ఆ భాగం మీరు ముందు చదివి, తర్వాత ఇవ్వండి. ఇచ్చాక పరీక్ష పెట్టినట్టు "ఏం నేర్చుకున్నావ్" అని అడగకండి. "వాళ్లిద్దరూ ముందే చెప్పేసుకోవచ్చు కదా, ఎందుకు చెప్పుకోలేదు?" అని అడగండి. ఆ వయసు పిల్లలు ఈ ప్రశ్నకి అరగంట మాట్లాడతారు.